వెలుపలి దానము, లోపలి న్యాయము

పరిశ్రమలు తమ లాభమునుండి లోకమునకు గొంత మరలింపవలె నను నీతి మన దేశమున చట్టరూపము దాల్చినది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి 2 వంతులకు తక్కువ కాకుండ సంఘశ్రేయస్సునకై వెచ్చింపవలెను. తాము నెలకొన్న ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెను. గాంధీమహాత్ముడు ధనవంతులకు బోధించిన ధర్మకర్తృత్వములో ఇది అల్పాంశమే యైనను మేము స్వాగతించుచున్నాము.

ఐనను ఒక ప్రశ్న మిగులుచున్నది. ఈ వ్యయము వలన ఆ కంపెనీ కార్మికునకు తన పనియందు మనస్సు లగ్నమగునా? కొంత యగు ననియే మా యభిప్రాయము. తన కంపెనీ యొక పల్లెకు మంచినీరు తెచ్చిన దని వినినవాడు నలుగురిలో తలయెత్తి తిరుగును. కాని గేటు లోపల అడుగిడినంతనే ఆ సంతోషము పరీక్షకు గురియగును. కంపెనీ సాయము పొందిన బడిలో చదివిన కోయ బాలునకు లోపల ఫిట్టరు పని దొరకునా, బరువులు మోయుటయే దొరకునా? ఒకే పని చేయు నిరువురిలో ఒకడు కంపెనీ మనిషి, రెండవవాడు కంట్రాక్టరు మనిషి యేల? కార్మికుడు నిత్యము చూచున దిది. ఉద్యోగుల మేలునకై చేయు ఖర్చును చట్టము సైతము ఈ 2 వంతుల పద్దున చేర్చుకొనదు. వెలుపలి దానము లోపలి న్యాయమునకు బదులు కాజాల దన్నమాట.

కొత్తగూడెము ముఖ్యస్థానముగా గల సింగరేణి సంస్థ యిందుకు నిదర్శనము. తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతుల వాటా గల ఈ సంస్థలో లాభమున కొంత కార్మికులకు పంచు నాచారము కలదు. 2023-24 సంవత్సరపు లాభము 4,701 కోట్ల రూపాయలు. విస్తరణకు 2,289 కోట్లు తీసి, మిగిలిన 2,412 కోట్లలో నూటికి 33 వంతులు, అనగా 796 కోట్లు, కార్మికులకు పంచుద మని 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించెను. తలకు సగటున 1 లక్షా 90 వేలు. ఇది దానము కాదు, భాగము. తన చెమటకు భాగ మున్నదని యెఱిగినవాడు గనిని సొంత పొలమువలె చూచుకొనును. ఆ సందర్భముననే మొట్టమొదటిసారి సుమారు 25,000 మంది కంట్రాక్టు కార్మికులకు తలకు 5,000 ప్రకటించిరి. ఆరంభము శ్లాఘనీయమే. కాని ఒకే బొగ్గుధూళిని పీల్చువారి నడుమ ఇంత యంతర మున్నంతవఱకు ఏకమనస్కత యెట్లు కలుగును?

స్త్రీల విషయమును గిరిజనుల విషయమును ఇట్టివే. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున స్త్రీలు పనిచేయరా దనెను. 2019లో గాని కేంద్రము, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగములలో, పగటివేళ, వారి వ్రాతపూర్వక సమ్మతితో, ఆ ద్వారము తెఱవలేదు. ఇక గిరిజన ప్రాంతములలో గనుల లాభమునుండి నూటికి 20 వంతులకు తగ్గకుండ స్థానికుల నీరు, బడి, వైద్యము, దారులకై శాశ్వతనిధిగా వేఱుచేయవలె నని 1997లో సమత తీర్పున సుప్రీముకోర్టు పలికెను. ఆ 20 వంతుల ప్రక్క ఈ 2 వంతులను నిలిపి చూడుడు!

భద్రాద్రి రాముని ముందుగా కనుగొన్నది పోకల దమ్మక్క యను అడవిబిడ్డ యని స్థలపురాణము. గుడి కట్టించిన రామదాసు కీర్తి జగమెఱిగినది. తాటాకు పందిరి వేసి పూజించిన దమ్మక్కను తలచువారు కొందఱే. మన పరిశ్రమలును ఆమె సంతతికి పందిరి యూడ్చు పనినే మిగిల్చినచో ఎన్ని బడులు కట్టించియు నేమి ఫలము?

ఈ మాట పరిశ్రమలకు మాత్రమే కాదు. మిరపకోతల కాలమున బస్తరునుండి వచ్చు గొత్తికోయ కూలీల చేతులపై ఖమ్మము రైతు పంట ఇల్లు చేరుచున్నది. తిరునాళ్ళకు చందా వ్రాయు భూస్వామి ఆ కూలీకి నీడయు, మంచినీరును, సరియైన తూకమును ఇచ్చుచున్నాడా? తన గట్టుమీద చేయని న్యాయమును మిల్లు గేటు దగ్గఱ అడుగుటకు మనకు నోరు రాదు.