మీకు తెలుసా? గంట ప్రయాణంలోపే సమాధి

బహాయీ మతస్థులు కన్నుమూస్తే, కన్నుమూసిన ఊరికి గంట ప్రయాణం దాటిన చోట ఖననం చేయకూడదు. 1873 నాటి వారి పవిత్ర గ్రంథం ‘కితాబ్-ఇ-అఖ్దస్’ నియమమిది. దహనం అసలే లేదు. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీలో గంటకు ఎంత దూరం కదులుతామో తెలిసిందే; నయం, ఆ గంటను ఊరి పొలిమేర నుంచి లెక్కిస్తారు! భౌతికకాయానికి స్నానం చేయించి, నూలు లేదా పట్టు వస్త్రం చుట్టి, 15 ఏళ్లు నిండినవారైతే వేలికి ఉంగరం తొడుగుతారు. అమెరికా నుంచి శంషాబాద్‌కు పార్థివదేహం ఎప్పుడొస్తుందా అని రోజుల తరబడి ఎదురుచూసే మన ఇళ్లకు ఈ పద్ధతి వింతే.

వియత్నాం ఆచారాలు మనకు కాస్త దగ్గర. అయినవాళ్లు తలకు తెల్లగుడ్డ కట్టుకుంటారు, 49వ రోజు, 100వ రోజు పాటిస్తారు. ఏటా మన ఆబ్దికంలాగే చాంద్రమానం ప్రకారం రోజు చూసుకుని, వండినవన్నీ ముందు పెద్దల పీఠం దగ్గర పెడతారు.