పంపు మార్చినా పికప్ రాలేదు!

మా మేనల్లుడి దగ్గర పదేళ్ల నాటి పెట్రోలు కారు ఒకటుంది. దానికి టర్బో బిగించాడు. ‘కారు కాదు మావయ్యా, రాకెట్టు’ అని మురిసిపోయేవాడు. ఆ రాకెట్టు ఓ సాయంత్రం మంగళగిరి దాటాక, హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేస్తుండగా ఉన్నట్టుండి చతికిలబడింది. వెనకాల బస్సు హారన్ కొడుతూ మీదికొచ్చేస్తోంది. ఎలాగో పక్కకి తీసి బతికి బయటపడ్డాడు.

ఊళ్లో తిరిగినంతసేపూ బండి బంగారం. ఎక్సలేటర్ గట్టిగా తొక్కితేనే మిస్సింగ్. ఓ షెడ్డులో చూపిస్తే ‘పంపు వీక్’ అని పెద్ద కెపాసిటీ పంపు వేశారు. తగ్గలేదు. ఫిల్టరు, ప్లగ్గులు, కాయిల్స్ మార్చారు. జేబు ఖాళీ అయింది, జబ్బు మాత్రం అలాగే ఉంది. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘ప్రెషర్ ఎంతుందో ఎవరైనా చూశారా బాబూ?’

ఎవరూ చూడలేదు!

గేజ్ చెప్పిన నిజం

ఇంజెక్టర్లకి పెట్రోలు ఒక లెక్క ప్రకారం ప్రెషర్‌తో అందాలి. చాలా పెట్రోలు కార్లలో అది సుమారు 3 బార్లు. కచ్చితమైన లెక్క మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. టర్బో బిగిస్తే లెక్క మారుతుంది. టర్బో 0.7 బార్ బూస్ట్ ఇస్తుంటే, పెట్రోలు ప్రెషర్ కూడా అంతే పెరిగి 3.7కి చేరాలి. ఆ పని రెగ్యులేటర్‌ది. దానికి ఇంజన్ నుంచి వచ్చే సన్న గొట్టం చిట్లినా, ఊడినా బూస్ట్‌లో ప్రెషర్ పెరగదు.

పెద్దాయన గేజ్‌తో మూడుసార్లు చూశాడు. తాళం తిప్పగానే 3 బార్లు వచ్చింది. ఆపేశాక కూడా అక్కడే నిలబడింది. అలా నిలబడకుండా గబగబా పడిపోతే పంపులోని చెక్ వాల్వో, రెగ్యులేటరో, కారుతున్న ఇంజెక్టరో కారణం కావచ్చు. మూడోది రోడ్డు మీద పరీక్ష. పొడవాటి గొట్టంతో గేజ్‌ని అద్దం బయట టేపుతో అతికించాడు. పెట్రోలు గొట్టాన్ని కారు లోపలికి మాత్రం తేనివ్వలేదు. ఒకరు నడుపుతుంటే ఒకరు చూశారు. బూస్ట్ రాగానే ముల్లు పైకి పోవాల్సింది పోయి, 2.2కి జారింది. వెంటనే కాలు తీయించాడు.

దొంగ ఎక్కడ దొరికాడు?

అప్పుడు మల్టీమీటర్ తీశాడు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉంది. ట్యాంకు మీద పంపు కనెక్టర్ దగ్గర పదిన్నరే! దారిలో మూడున్నర వోల్టులు మాయం. కనెక్టర్ విప్పితే పిన్ను కాలి నల్లబడి ఉంది. పాత చిన్న పంపు కోసం వేసిన సన్నటి వైరు మీదే, ఎక్కువ కరెంటు లాగే పెద్ద పంపు పెట్టారు మరి. కొత్త కనెక్టర్, లావు వైరు, ఫ్యూజు, విడిగా ఒక రిలే వేసి, మంచి ఎర్త్ ఇచ్చాడు. ముల్లు 3.7 దగ్గర నిలబడింది. పంపుకి పెట్టిన డబ్బులో పదో వంతు కూడా కాలేదు.

వోల్టేజీ బాగుండి కూడా ప్రెషర్ పడిపోతే ట్యాంకు లోపల వెతకాలి. జాలీ మూసుకుపోయిందా, ఫిల్టరు నిండిందా చూడాలి. అక్కడ మామూలు పెట్రోలు పైపు ముక్క వాడితే, లోపలా బయటా పెట్రోలులో నాని ఉబ్బి చిట్లుతుంది. పెట్రోలులో మునిగి ఉండే గొట్టం వేరే రకం, అడిగి మరీ తీసుకోవాలి. పావు ట్యాంకు ఉన్నప్పుడు మలుపుల్లోనే మిస్సింగ్ వస్తుంటే, పంపు గాలి పీల్చుకుంటోందేమో అనుమానించాలి.

నిర్లక్ష్యం చేస్తే...

పికప్ పోవడంతో ఆగదు. బూస్ట్‌లో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఇంజన్‌లో నాకింగ్ మొదలై పిస్టన్లు కరిగిపోతాయి. అందుకే జబ్బు తేలేదాకా గట్టిగా తొక్కొద్దు.

గుర్తుంచుకోండి

* పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. ఆ తర్వాతే, ఇంజన్ చల్లారాక, పెట్రోలు లైను విప్పాలి.
* ఆరుబయటే చేయాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే ఉండాలి. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు.
* డీజిల్ కామన్ రైల్, డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్ల హైప్రెషర్ లైన్లని ఇంట్లో ముట్టుకోవద్దు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.
* కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ క్లెయిముకీ చిక్కే.

‘ఇంకా రాకెట్టేనా?’ అని మొన్న మావాణ్ని అడిగా. ‘ముందు గేజ్ కొన్నా మావయ్యా’ అన్నాడు. బుద్ధి వచ్చినట్టే ఉంది.