రక్తపరీక్ష చెప్పని సంగతులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట చదువురానివారికీ తెలుసు. కవిటి, సోంపేట ప్రాంతాల్లో ఎవరికెంత ఉందో అంకెలతో సహా చెబుతారు. ఆ అంకె మూత్రపిండాలు ఎంత పాడయ్యాయో చెబుతుంది గాని, మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పదు. రాత్రి నిద్ర పట్టిందా, కూతురి అత్తవారి ఊరు వెళ్ళి రెండు రోజులు ఉండగలడా అన్నది రోగిని అడిగితేనే తెలుస్తుంది.

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. కిడ్నీ రోగుల కోసం 1990 దశకంలో అమెరికాలో ఒక ప్రశ్నావళి తయారైంది. దాని పొట్టి రూపంలో 36 ప్రశ్నలు. గత నాలుగు వారాల్లో దురద, కండరాలు పట్టేయడం, నీరసం ఎంత బాధించాయి? నీళ్ళు కొలిచి తాగడం, పథ్యం, ప్రయాణం ఎంత ఇబ్బంది పెట్టాయి? జవాబులను బట్టి సున్నా నుంచి 100 వరకు మార్కులు వేస్తారు. తక్కువ మార్కులు వచ్చినవారే ఎక్కువగా ఆసుపత్రి పాలవుతున్నారని, మరణాలూ వారిలోనే ఎక్కువని పలు దేశాల పరిశీలనల్లో తేలింది.

గోల్ఫ్ ఎవరాడతారు?

ఆ ప్రశ్నలను ఉన్నవున్నట్టు ఇక్కడ అడిగితే నవ్వొస్తుంది. బల్ల జరపగలరా, గోల్ఫ్ ఆడగలరా అని అందులో ఉంది. కొబ్బరికాయల గంప ఎత్తగలవా, బోరింగు నుంచి బిందె తేగలవా అని అడగాలి. పథ్యం ప్రశ్న మాత్రం మార్చనక్కరలేదు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ రోగికి అది గుండెకే ముప్పు. చుట్టూ కొబ్బరి తోటలే, మే నెల ఎండలో నోరు పిడచకట్టుకుపోతున్నా బొండం ముట్టకూడదు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న వేరే ఉంది. ఇంటివారికి భారమయ్యానని అనిపిస్తోందా? వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కనే గడుస్తాయి. తోడు వచ్చినవారి కూలి పోతుంది. డయాలసిస్ ఉచితమైనా, పింఛను అందుతున్నా ఈ లెక్క తీరదు. ఆ ప్రశ్నను కొడుకో కోడలో చదివి వినిపిస్తే ఏ రోగి నిజం చెబుతాడు? 'బాగానే ఉన్నాను' అంటాడు, కాగితం మీద మార్కులూ బాగానే పడతాయి. అందుకే రోగి ఒక్కడే ఉన్నప్పుడు నర్సు అడగాలి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఈ ప్రశ్నలడగడానికి అది తేలేదాకా ఆగనక్కరలేదు. దురదకూ, నిద్రలేమికీ, దిగులుకూ చికిత్స ఉంది. ఎవరూ అడగకపోయినా, డయాలసిస్‌కు వెళ్ళినప్పుడు ఈ బాధలు నర్సుకు చెప్పుకోవచ్చు.