రాయలసీమ నుంచి సిక్కోలుకి: శ్రీకాకుళంలో దిగేముందు తెలుసుకోవాల్సినవి

ఈ ఎపిసోడ్ టూరిస్ట్ వీడియో కాదు, ముందే చెప్తున్నా. బీచ్‌లో డ్రోన్ షాట్లు, హోటల్ రివ్యూలు ఉండవు. చదువుకో, ఉద్యోగానికో శ్రీకాకుళం వెళ్లి కొన్నాళ్లు ఉండాల్సిన వాళ్ల కోసం ఇది. ముఖ్యంగా మా సైడు వాళ్ల కోసం.

మా సైడు అంటే ఆమడగూరు. శ్రీ సత్యసాయి జిల్లా, కర్ణాటక బోర్డర్ పక్కన. ఆంధ్ర మొత్తం అని చెప్పాలంటే 'ఇచ్ఛాపురం నుంచి తడ దాకా' అంటారు కదా. ఇచ్ఛాపురం శ్రీకాకుళం జిల్లా చివర. తడ నెల్లూరు వైపు. మేం ఆ గీతలో కూడా రాం, పక్కకి ఎక్కడో ఉంటాం. అందుకే మా పిల్లోళ్లకి శ్రీకాకుళంలో సీటొచ్చింది అంటే ఇంట్లో వాళ్లు ఢిల్లీలో వచ్చినట్టు కంగారు పడతారు. బెంగళూరు అయితే పక్కూరు లెక్క. సొంత రాష్ట్రంలో ఊరేమో దూరదేశం.

కానీ వెళ్లాల్సిన అవసరం వస్తోంది. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది. టౌన్‌లో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలు ఉన్నాయి. నేను మూడు నెలలు అక్కడ రూమ్ తీసుకుని ఉన్నా. ఆ మూడు నెలల్లో పనికొచ్చినవి వరసగా చెప్తా.

మొదటిది, చేరుకోవడం.

మనకి డైరెక్ట్ ట్రైన్ ఉంది. చాలామందికి తెలీదు. బెంగళూరు నుంచి భువనేశ్వర్ వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. పేరులోనే పుట్టపర్తి ఉంది. హిందూపురంలో ఎక్కొచ్చు, ప్రశాంతి నిలయం స్టేషన్‌లో ఎక్కొచ్చు, ధర్మవరంలో ఎక్కొచ్చు. గుంతకల్లు, నంద్యాల, గుంటూరు, విజయవాడ, విశాఖ అన్నీ దాటుకుని వెళ్తుంది. దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు. మధ్యాహ్నం ఎక్కితే మరుసటి రోజు మధ్యాహ్నం వైపు దిగుతారు. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు యాప్‌లో చూసుకోండి. రిజర్వేషన్ మాత్రం ముందే చేయించుకోండి. జనరల్ బోగీలో ఒక రోజు కూర్చుని వెళ్లడం అంటే మామూలు విషయం కాదు.

యాప్‌లో స్టేషన్ పేరు 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది. కోడ్ సీ, హెచ్, ఈ. ఆ మూడక్షరాలు చూసి చెన్నై అనుకోవద్దు. బ్రిటిష్ వాళ్లు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచేవాళ్లు, ఆ కోడ్ అక్కడి నుంచి వచ్చింది. ఇక 'రోడ్' సంగతి. రైల్వే వాళ్లు స్టేషన్ పేరు చివర రోడ్ అని పెట్టారంటే ఊరు అక్కడ లేదు, అక్కడి నుంచి రోడ్డు మీద పోవాలి అని అర్థం. మనకి మంత్రాలయం రోడ్ తెలుసు కదా, అదే లెక్క. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నిజానికి ఉండేది ఆమదాలవలసలో. అక్కడి నుంచి టౌన్ దాదాపు 13 కిలోమీటర్లు. పగలైతే బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. అర్ధరాత్రి దిగే ట్రైన్ బుక్ చేస్తే మాత్రం ఆటో మీద చేసే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. లేదంటే తెల్లారేదాకా వెయిటింగ్ హాల్‌లో కూర్చోండి.

విశాఖ నుంచి వచ్చేవాళ్లకి ఆర్టీసీ బస్సు బెస్ట్. ద్వారకా బస్ స్టేషన్ నుంచి 16వ నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 110 కిలోమీటర్లు. రోజంతా బస్సులు ఉంటాయి.

రెండోది, రూమ్.

ఊరు పెద్దది కాదు. నాగావళి నది ఊరి మధ్యలోంచి పోతుంది. అడ్రస్ చెప్పేటప్పుడు అందరూ వాడేవి రెండు మూడు పేర్లే: ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్, ఆర్టీసీ కాంప్లెక్స్. ఈ మూడూ మ్యాప్‌లో సేవ్ చేసుకుంటే సగం ఊరు వచ్చేసినట్టే.

రూమ్ చూసేటప్పుడు అద్దె ఎంత, వైఫై ఉందా అని అడుగుతాం. అక్కడ ఇంకో ప్రశ్న అడగాలి: 'వరదొస్తే నీళ్లు ఎంతవరకు వస్తాయి?' ఇంటి ఓనర్ని కాదు, పక్క కిరాణా షాపులో అడగండి. ఒడిశా కొండల్లో గట్టిగా వానలు పడితే ఇక్కడ చినుకు లేకపోయినా నాగావళి పొంగొచ్చు. నది పుట్టింది అక్కడే కాబట్టి. నదికి దగ్గరగా, పల్లంలో ఉండే గ్రౌండ్ ఫ్లోర్ తక్కువ అద్దెకి వస్తుంది అంటే ఎందుకు వస్తుందో తెలుసుకుని తీసుకోండి.

మూడోది, ఉక్కపోత.

అనంతపురం ఎండలు చూసినోళ్లం, మాకేంటి అనుకుంటారు. థర్మామీటర్‌లో మన దగ్గరే ఎక్కువ ఉంటుంది, నిజమే. కానీ మన గాలి పొడి గాలి. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. సముద్రం దగ్గర గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. చెమట ఆరదు, కారుతుంది. వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే అక్కడ 36 డిగ్రీలు ఉన్నా మన 40 కంటే ఎక్కువ నలిపేస్తుంది. మజ్జిగ, ఉప్పు కలిపిన నీళ్లు తాగండి. పాలిస్టర్ టీషర్టులు ఇంట్లో పెట్టి పలచని కాటన్ తీసుకెళ్లండి.

కాటన్ అంటే గుర్తొచ్చింది. అదే జిల్లాలో పొందూరు ఉంది. చేత్తో వడికే సన్న ఖాదీకి దేశమంతా పేరు. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారు. ఆ చేప పళ్లు సన్నటి దువ్వెనలా పనిచేస్తాయి. ఫ్యాక్టరీలో పెద్ద మెషీన్ చేసే పనిని ఒక చేప ఎముక చేస్తోంది అంటే, ఇంజినీరింగ్ చదివిన నాకు నోట మాట రాలేదు. ప్యాసింజర్ ట్రైన్‌లో వెళ్లి చూసి రావచ్చు.

నాలుగోది, మాట.

ఇది కొంచెం సీరియస్‌గా వినండి. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు మా టీమ్‌లో శ్రీకాకుళం అబ్బాయి ఒకడు ఉండేవాడు. నేను 'చేస్తాండా' అంటే నవ్వేవాళ్లు. అతను 'ఏటి' అంటే నవ్వేవాళ్లు. నవ్వేది కూడా తెలుగోళ్లే. కొన్నాళ్లకి మేమిద్దరం ఒకరితో ఒకరు కూడా ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేవాళ్లం. రెండు తెలుగులు ఉండి కూడా. సినిమాల్లో మా యాస అంటే బాంబులేసేవాడు, వాళ్ల యాస అంటే ఇంట్లో పనివాడు. ఏళ్ల తరబడి అదే చూపించారు. 2014 విభజన తర్వాత కేంద్రం వెనుకబడిన జిల్లాల ప్యాకేజీ ఇచ్చింది ఏడు జిల్లాలకి: రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు. లిస్ట్‌లో పక్కపక్కన ఉన్న మనం ఒకళ్లనొకళ్లు సినిమాల్లోంచి తెలుసుకుంటున్నాం.

కాబట్టి వెళ్లేముందు కొన్ని మాటలు నేర్చుకోండి. వాళ్ల ఊరిని వాళ్లు ప్రేమగా పిలుచుకునే పేరు సిక్కోలు. 'ఏటి' అంటే ఏమిటి. మన దగ్గర గుంట అంటే నీళ్ల గుంట. అక్కడ గుంట అంటే అమ్మాయి, గుంటడు అంటే అబ్బాయి. మనం ఎవరినైనా 'ఏమప్పా' అని పిలుస్తాం, మగవాళ్లని. అక్కడ అప్ప అంటే అక్క. బస్సులో ఎవరైనా 'మా అప్ప వస్తంది' అంటే పెద్దాయన కోసం చూడకండి, వచ్చేది వాళ్లక్క. మన రాగులు అక్కడ చోళ్లు. సంగటి దొరకలేదని దిగులు పడొద్దు, చోడి అంబలి అడగండి. అదే గింజ, వేరే రూపం. జీడిగింజల్ని జీడి పిక్కలు అంటారు. పలాస జీడిపప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఒక్క రిక్వెస్ట్. ఈ మాటలు అర్థం చేసుకోవడానికి నేర్చుకోండి, మిమిక్రీ చేయడానికి కాదు. మీ యాసలో మీరు మాట్లాడండి, వాళ్ల యాసలో వాళ్లు మాట్లాడతారు. ఇద్దరికీ అర్థమవుతుంది. నాకు మూడు నెలల్లో ఒక్కరోజు కూడా ఇంగ్లిష్ అవసరం పడలేదు.

ఐదోది, ఆదివారాలు.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి ఊరిని ఆనుకునే ఉంది, ఆటోలో వెళ్లిపోవచ్చు. ఏటా మార్చిలో, అక్టోబర్‌లో కొన్ని రోజులు ఉదయపు ఎండ నేరుగా వచ్చి మూలవిరాట్ పాదాలని తాకుతుంది. ఆ రోజుల్లోనూ, రథసప్తమికీ ఊళ్లో రూమ్‌లు దొరకవు. కొత్తగా దిగేవాళ్లు ఆ డేట్లు చూసుకోండి. శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో ఉంటాడు, గుళ్లో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. దానికి దగ్గర్లోనే కొండ మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు. ఈ రెండూ ఒకే రోజు చూడొచ్చు. చివరి బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకోండి.

బీచ్‌లో మోకాళ్ల లోతు దాటొద్దు. చెరువులో ఈత వస్తే సముద్రంలో వచ్చినట్టు కాదు. మనం పెరిగింది చెరువులు, బావుల దగ్గర. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాలికింద ఇసుకని లాగేస్తుంది, దాన్ని చెరువు నేర్పదు. జాలర్లు దిగొద్దన్న చోట దిగకండి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: తుఫాను.

మూడు తేదీలు చెప్తా. ఫైలిన్, 2013 అక్టోబర్ 12, ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్, 2014 అక్టోబర్ 12, విశాఖ. తిత్లీ, 2018 అక్టోబర్ 11, శ్రీకాకుళం జిల్లాలోనే పలాస దగ్గర. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. చెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. మన దగ్గర వాన రాకపోతే పంట పోతుంది, అక్కడ వాన వచ్చి తోట పోతుంది. మన దగ్గర అక్టోబర్‌లో మబ్బు పడితే సంతోషం. అక్కడ అక్టోబర్ మబ్బుని చూసే చూపు వేరు.

న్యూస్‌లో 'కళింగపట్నంలో మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక' అంటారు. ఆ నంబర్ అర్థం ఇది. 1, 2 అంటే తుఫాను దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 అంటే ఇక్కడ వాతావరణం పాడవచ్చు, జాగ్రత్త. 5 నుంచి 7 అంటే ప్రమాదం. 8 నుంచి 10 అంటే మహా ప్రమాదం. 11 అంటే హెచ్చరించే కేంద్రంతోనే సంబంధం తెగిపోయింది. నంబర్ 3 చూడగానే మీరు చేయాల్సినవి: ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ ఛార్జ్. రెండు రోజులకి సరిపడా నీళ్లు. కొంచెం క్యాష్, ఎందుకంటే కరెంటు, సిగ్నల్ పోతే యూపీఐ ఉండదు. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి పైన పెట్టండి. ఎన్‌డీఎంఏ వాళ్ల 'సచేత్' యాప్ ముందే వేసుకోండి. 112, 108 కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఇంటికి ఫోన్ చేసి 'రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చు, భయపడొద్దు' అని ముందే చెప్పండి. టీవీలో తుఫాను బొమ్మ చూస్తూ వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న అమ్మకి ఆ ఒక్క మాట చాలు.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటికి రావద్దు. తుఫాను కన్ను మీదుగా పోతోందని అర్థం. ఆ తర్వాత రెండోవైపు నుంచి మళ్లీ కొడుతుంది. యాప్‌లో ఏం వచ్చినా, పక్కింటి పెద్దవాళ్లు స్కూల్ బిల్డింగ్‌కి పోదాం పద అంటే వాళ్లతో వెళ్లిపోండి. వాళ్లు ఇలాంటివి చాలా చూశారు.

ఇవీ విషయాలు. సిక్కోలు నుంచి అనంతపురం వైపు వచ్చే వాళ్లకి ఇలాంటిదే ఇంకో ఎపిసోడ్ చేస్తున్నా. అందులో సంగటి ఎలా తినాలో మొదలుపెట్టి చెప్తా. ఉంటా మరి.