బాలింత కాలు వాపు... నీరు కాకపోవచ్చు!

జగిత్యాల: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవారిలో చాలామందికి నెలలు నిండేదాకా పని తప్పదు. గంటల తరబడి కాళ్లు ముడుచుకుని కూర్చోవడమే. సాయంత్రానికి పాదాలు పొంగితే నీరు దిగిందనుకుంటారు. చాలావరకు అది నిజమే. కాని వాపు ఒక్క కాలికే వచ్చి, పిక్క గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి పుడితే లోపలి రక్తనాళంలో నెత్తురు గడ్డ కట్టి ఉండవచ్చు. గర్భిణులకు ఇది ఎక్కువగా ఎడమ కాలికే వస్తుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం, ఛాతీలో పోటు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

వెయ్యిమందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బే ఇది. అయితే గర్భిణికి ముప్పు మామూలు స్త్రీ కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. కాన్పు తర్వాత ఆరు వారాలు మరీ గండం. సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే! దానికి తోడు బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చి, మంచం దిగనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పెద్దల ఆపేక్షను తప్పుపట్టలేం గాని, గడ్డ కట్టడానికి అవి రెండూ దోహదమే.

దీనికి హెపారిన్ జాతి ఇంజెక్షన్లు వాడతారు. అవి మాయ దాటి బిడ్డకు చేరవు. వార్ఫరిన్ మాత్రలు చేరతాయి. తొలి నెలల్లో వాటితో బిడ్డకు అవకరం రావచ్చు. కాన్పయ్యాక పాలిచ్చే తల్లి వాటిని వాడవచ్చు.

చిక్కంతా వెన్నులో ఇచ్చే మత్తుసూది దగ్గర. నెత్తురు పలచబడి ఉండగా సూది గుచ్చితే, బహు అరుదుగా, వెన్నుపాము పక్కన నెత్తురు చేరి నొక్కేస్తుంది. అందుకే ఎనాక్సాపారిన్ చిన్న మోతాదుకు 12 గంటలు, పెద్ద మోతాదుకు 24 గంటలు ఆగి సూది ఇస్తారు. కరీంనగర్‌లో మందు రాయించుకుని, నొప్పులు రాగానే కోరుట్లలో చేరేవారు ఆ చీటీ చూపి, చివరి ఇంజెక్షన్ ఎన్ని గంటలకు వేశారో చెప్పాలి.

'ఆ సూదితోనే నడుం పోయింది' అనే తల్లులు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ మామూలు నొప్పి వేరు. మత్తు దిగే వేళ దాటినా కాళ్లు కదలకపోవడం, పోయిన తిమ్మిరి మళ్లీ రావడం, మూత్రం ఆగిపోవడం వేరు. ఇవి కనిపిస్తే వెంటనే ఎం.ఆర్.ఐ. తీయాలి. గడ్డ ఉంటే 12 గంటల లోపే ఆపరేషన్ జరిగితే కాళ్లు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. సిరిసిల్ల నుంచైనా, కోరుట్ల నుంచైనా పెద్దాసుపత్రికి ప్రయాణం కూడా ఆ గంటల్లోనే పోవాలి. రాత్రి మొదలైతే తెల్లారనిద్దాం అనుకునే ఇళ్లే ఎక్కువ.