చల్క నేలలకు అనువైన పూల పొద – తంగేడు పెంపకం

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది రోజులు సాగే పండుగకు తంగేడు పువ్వే ప్రధానం. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలోని గుట్టల వాలులు, బీడు భూములు, పొలం గట్లు, బాటల అంచులు ఈ పొదకు సహజ స్థావరాలు. అయితే బీళ్లు సాగు భూములుగా, ఇళ్ల స్థలాలుగా మారినచోట తంగేడు ఊరికి దూరమవుతున్నది. మిగిలిన పొదల కొమ్మలను పండుగకు ముందు మొదలంటా విరిచి తెచ్చినప్పుడు వాటిపై కాయ నిలవదు. కాయ నిలవనిదే విత్తనం రాలదు, కొత్త మొక్క మొలవదు. అందువల్ల ఇంతకాలం తనంతట తాను పెరిగిన ఈ పొదను పెరళ్లలోను, గట్లపైన నాటి పెంచుకోవలసిన అవసరం ఏర్పడింది.

మొక్క లక్షణాలు

తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. 1753లో లిన్నేయస్ దీనిని కేసియా ప్రజాతిలో చేర్చి ఈ జాతి పేరు పెట్టాడు. ‘ఆరిక్యులేటా’ అనగా చెవులు గలది అని అర్థం. ఆకు తొడిమ మొదట చెవి ఆకారంలో ఉండే వెడల్పాటి పత్రపుచ్ఛాలను బట్టి ఈ పేరు వచ్చింది. మొక్కను గుర్తించడానికి ఇదే తేలికైన ఆనవాలు. పొద 1 నుంచి 3 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఒక్కొక్క ఆకులో 8 నుంచి 12 జతల చిట్టి ఆకులుంటాయి. పసుపు పచ్చని పూలు కొమ్మల చివర గుత్తులుగా పూస్తాయి. పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి తిత్తులు చివరన ఉన్న చిన్న రంధ్రాల ద్వారా మాత్రమే తెరుచుకుంటాయి. పెద్ద తుమ్మెదలు పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను కంపింపజేసినప్పుడు పుప్పొడి బయటకు రాలుతుంది. కాయలు పలుచగా, బల్లపరుపుగా ఉండి ఎండిన తరువాత గోధుమ రంగుకు మారుతాయి.

తంగేడు చెక్కలో సుమారు 15 నుంచి 20 శాతం టానిన్ ఉంటుంది. అందుచేత దక్షిణ భారతంలో తోళ్లు ఊనడానికి దీనిని విరివిగా వాడేవారు. దక్షిణ ఆఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి పెరిగిన తరువాత ఆ గిరాకీ తగ్గింది. తంగేడు రొట్టను వరి మళ్లలో పచ్చి ఆకు ఎరువుగా తొక్కే అలవాటు కూడా ఉంది.

నేలలు – వాతావరణం

తక్కువ వర్షపాతం, తీవ్రమైన ఎండ గల ప్రాంతాలు దీనికి అనుకూలం. నీరు ఇంకిపోయే ఎర్ర చల్క, దుబ్బ, గరప నేలలలో బాగా పెరుగుతుంది. నీరు నిలిచే చోట వేర్లు కుళ్లి మొక్క చనిపోతుంది. రోజంతా ఎండ తగిలే స్థలాన్ని ఎంచుకోవాలి. నీడలో కొమ్మలు సాగి పూత తగ్గుతుంది.

విత్తన సేకరణ – విత్తన శుద్ధి

ఆరోగ్యవంతమైన స్థానిక పొదల నుంచి బాగా ఎండిన కాయలను జనవరి, ఫిబ్రవరి నెలల్లో సేకరించాలి. పురుగు తొలిచిన గింజలను ఏరివేయాలి. గింజ పైపొర చాలా గట్టిది, నీటిని లోపలికి రానీయదు. నేరుగా విత్తితే కొన్ని గింజలు మాత్రమే మొలుస్తాయి, మిగిలినవి నేలలో నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. నీటిని మరిగించి పొయ్యి మీద నుంచి దించి, కొద్దిసేపు ఆగి, ఆ వేడి నీటిని గింజలపై పోసి రాత్రంతా నాననివ్వాలి. ఉబ్బిన గింజలను మాత్రమే విత్తుకోవాలి. ఉబ్బని వాటిని గరుకు కాగితంపై రుద్ది మళ్లీ నానబెట్టాలి.

నాటే విధానం

తంగేడుకు తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది. పెరిగిన మొక్కను బీడు నుంచి పెకలించి తెచ్చి నాటితే ఆ వేరు తెగి మొక్క సాధారణంగా బతకదు. కనుక విత్తనం నేరుగా వేయడమే మేలు. తొలకరి వానలు పడిన తరువాత ఒక్కొక్క గుంతలో మూడు నాలుగు గింజలను సెంటీమీటరు లోతున విత్తి, మొలిచిన వాటిలో బలమైన దానిని ఉంచాలి. నారు పెంచదలిస్తే ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో నింపిన పాలిథీన్ సంచులలో విత్తి, వేరు సంచి అడుగున చుట్టుకోకముందే నాటాలి. పొలం గట్లపై 2 మీటర్ల దూరం సరిపోతుంది. 100 మీటర్ల గట్టుకు సుమారు 50 మొక్కలు పడతాయి. కంచెగా పెంచితే దూరాన్ని 60 నుంచి 75 సెంటీమీటర్లకు తగ్గించాలి.

నీరు – ఎరువులు

పెరటి తోటలలో తంగేడు చనిపోవడానికి తరచు కారణం అధికంగా నీరు పోయడమే. మొదటి వేసవిలో 10 నుంచి 15 రోజులకొక తడి ఇచ్చి, ఆ తరువాత వర్షాధారంగా వదిలివేయవచ్చు. చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా దీని వేర్లపై నత్రజనిని స్థిరీకరించే బుడిపెలు ఏర్పడవు. కనుక రైజోబియం పట్టించడం వల్ల ప్రయోజనం లేదు. నాటేటప్పుడు గుంతకు రెండు మూడు కిలోల పశువుల ఎరువు వేస్తే చాలు. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పూత వెనుకబడుతుంది.

కత్తిరింపులు – పూల సేకరణ

కొత్త కొమ్మల చివర్లలోనే పూత వస్తుంది. రెండో సంవత్సరం నుంచి మే చివర లేదా జూన్ మొదటి వారంలో కొమ్మలను మూడో వంతు మేర కత్తిరిస్తే, వానలకు వచ్చిన చిగుళ్లు బతుకమ్మ నాటికి పూతకు వస్తాయి. పూల కోసం కొమ్మ విరవకుండా, గుత్తి కింద రెండు మూడు ఆకులతో కత్తెరతో కోయాలి. ప్రతి పొదపై కనీసం మూడో వంతు గుత్తులను కాయకు విడిచిపెట్టాలి.

సస్యరక్షణ

లేత పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకల ఆకుపచ్చ గొంగళి పురుగులు లేత ఆకులను తింటాయి. పెరిగిన పొద తిరిగి చిగురిస్తుంది కనుక మందు అవసరం లేదు. చిన్న మొక్కలపైనైతే చేతితో ఏరివేయాలి. పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి పిచికారి చేయాలి. పూత సమయంలో రసాయన మందులు వాడితే పుప్పొడిని రాల్చే తుమ్మెదలు నశించి కాయ తగ్గుతుంది. పైగా ఆ పూలు స్త్రీల చేతుల మీదుగా చెరువు నీటిలోనే కలుస్తాయి.

నీటి వసతి లేని గట్టుపై, ఇతర పూల మొక్కలు నిలవని చల్కలో, మొదటి ఏడాది కొద్దిపాటి శ్రద్ధతో తంగేడు నిలదొక్కుకుంటుంది. ఈ ఏటి పూలలో కొంత భాగాన్ని కాయకు విడిచిన రైతుకు రాబోయే తొలకరికి కావలసిన విత్తనం తన గట్టు మీదనే లభిస్తుంది.