ఓడ టిక్కెట్టు కొనే ముందు

రాయపురంలో కాపురమున్నవాళ్ళకు ఓడ వింత కాదు. మేడ యెక్కితే హార్బరు దీపాలు కనిపిస్తాయి, తెల్లవారుజామున కూత వినిపిస్తుంది. అయినా మనలో ఓడ యెక్కినవారు యెందరు? మా యింట్లో మా తాతగారొక్కరే. ఆయన పినాంగులో ఒక కొట్టులో గుమాస్తాగా వుండి ‘రజూలా’ మీద వస్తూపోతూ వుండేవారు. 1926లో కట్టిన ఆ ఓడ మద్రాసు, నాగపట్నం, పినాంగు, సింగపూరుల మధ్య 1973 దాకా తిరిగింది. డెక్కు ప్రయాణికులు చాపా, చెంబూ తామే తెచ్చుకోవాలి. దాని తర్వాత అదే దారిలో నడిచిన ‘చిదంబరం’ ఓడ 1985లో అగ్నిప్రమాదానికి లోనయింది. అంతటితో ఆ ప్రయాణాలు ముగిశాయి.

చిన్నప్పుడు హార్బరు గేటు దగ్గర తండ్రిని సాగనంపి వెనక్కి తిరిగివచ్చిన మా అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్ళు యింకా మాట వింటున్నప్పుడే ఒక్కసారి ఓడ యెక్కాలని ఆమె కోరిక. చీటీ డబ్బు చేతికి రాగానే విచారణ మొదలుపెట్టాను.

మొదట తట్టింది అండమాను ఓడ. అండమాను పరిపాలన వారి ఓడలు మన హార్బరునుంచే శ్రీ విజయపురానికి వెళతాయి (2024 దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్). ప్రయాణం దాదాపు మూడు రోజులు. బంకు తరగతిలో పెద్ద హాలులో ఒకదానిపై ఒకటిగా పడకలుంటాయి, ఛార్జీ స్వల్పం. పై తరగతుల్లో గదులున్నవి. భోజనానికి వేరే చెల్లించాలి. కాని యీ ఓడలు ద్వీపవాసుల రాకపోకలకోసం నడిచేవి, మన వినోదంకోసం కాదు. తేదీలు వాతావరణాన్ని బట్టి మారుతాయి కనుక, తిరుగు ప్రయాణానికి నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకునేవారే యెక్కాలి. నాకున్న సెలవు అయిదు రోజులు. ఆ ఓడ అంతటితో సరి.

రెండవది కార్డీలియా కంపెనీవారి ‘ఎంప్రెస్’. 1990లో ఫ్రాన్సులో కట్టిన యీ ఓడ అమెరికావారి రాయల్ కరీబియన్ కంపెనీ చేతిలో చాలాకాలం తిరిగి మన దేశానికి వచ్చింది. 2022 జూన్‌లో మొదటిసారి చెన్నైనుంచి విశాఖపట్నం వైపు బయలుదేరింది. పడమటి తీరంలో వానలు ముదిరినప్పుడు బొంబాయి వదలి ఇటు వస్తుంది. కాబట్టి మనకు దొరికేది సాధారణంగా జూన్ తర్వాతి నెలల్లోనే. 2023లో చెన్నైనుంచి శ్రీలంకకూ వెళ్ళింది. అటువంటి ప్రయాణానికి పాస్‌పోర్టు కావాలి.

ఇక్కడ ఓడే ఊరు. కనుక ధర ఒక్కటే పోల్చితే మోసపోతాము. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసేది ఇద్దరు పంచుకునే గదిలో తలకింత అని. దానికి రేవు రుసుము, పన్ను, నౌకరుల బక్షీసు చేరుతాయి. భోజనం అందులోనే, ఒడ్డుకు దిగి ఊరు చూడటం, కూల్‌డ్రింకులు, ఇంటర్నెట్టు వేరు. ఏజంటును చివరి మొత్తం కాగితంమీద వ్రాసి ఇమ్మన్నాను. అతడు నవ్వాడు గాని వ్రాసి ఇచ్చాడు. ఆ కాగితం చూచిన మా ఆవిడ, “మొదట చెప్పిన ధర మనకోసం కాదు కాబోలు” అన్నది.

అన్నిటికంటే చౌక గది లోపలివైపుది, కిటికీ వుండదు. పగలంతా పైనే వుంటాము గదా అని నేను దానికే సిద్ధపడ్డాను. అమ్మ ఒప్పుకోలేదు. “కిటికీ లేని గదిలో పడుకోవడానికి సముద్రందాకా యెందుకురా? మన వెనకగది లేదూ?” అన్నది. మాటకు జవాబు లేదు. పైగా ముసలివారికి తల తిరగకుండా వుండాలంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది మంచిది. ఊగు అక్కడ తక్కువ. పై అంతస్తు బాల్కనీ గది ఖరీదెక్కువ, ఊగూ యెక్కువే.

ఇంకొకటి నాకు ఆలస్యంగా తోచింది. దిగేది ఎట్లా? విశాఖలో 2023నుంచి ప్రత్యేక క్రూజు టెర్మినల్ వున్నది, ఓడ గట్టును ఆనుకుంటుంది. పుదుచ్చేరిలో ఓడ సముద్రంలోనే నిలిచి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. మోకాళ్ళ నొప్పులవారికి ఆ మెట్లు సులువు కావు. అదీగాక 2022లో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో అక్కడ దిగకుండానే ఓడ తిరిగిపోయింది. రేవు మార్చే హక్కు తమదేనని కంపెనీలు షరతుల్లో వ్రాసుకుంటాయి. అవి సన్నని అక్షరాలే అయినా చదవాలి. రద్దు షరతులూ అంతే: తేదీ దగ్గరపడేకొద్దీ తిరిగి వచ్చే సొమ్ము తరిగి, చివరికి సున్నా.

సింగపూరునుంచి నడిచే పెద్ద ఓడల సంగతీ అడిగాను. విమానం ఖర్చు ముందే తలపైన పడుతుంది. పైగా ఓడ మలేషియా వెళ్ళి తిరిగి సింగపూరుకే వస్తుంది కనుక రెండుసార్లు ప్రవేశించే వీసా కావాలి. అమెరికాలో పిల్లలున్నవారు ఆలోచించవచ్చు, గుమాస్తాకు కాదు.

చివరికి విశాఖ వెళ్ళివచ్చే ప్రయాణంలో, మధ్యభాగాన, కిటికీవున్న గదికి బయానా కట్టాను. ముగ్గురం ఒకే గది. అనుకున్నదానికంటే ఒక నెల జీతం యెక్కువే పోయింది. అమ్మ మాత్రం చాపా, మరచెంబూ బయటకు తీసి కడిగి పెట్టింది. ఓడలో అన్నీ ఇస్తారని యెంత చెప్పినా వినలేదు.